ఎల్-ఎన్‌ఎన్‌ఏ వేసినా రిలాక్సేషన్ పూర్తిగా పోలేదంటే మందు పాడైనట్టు కాదు, మిగిలింది ఎవరిదో ట్రేస్‌లోనే ఉంది

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. ఎలుక పెద్దపేగు సర్క్యులర్ కండరం స్ట్రిప్ ఆర్గాన్ బాత్‌లో (టిష్యూని బతికించి ఉంచే ద్రవం ఉన్న పాత్రలో) కట్టారు, అసిటైల్‌కోలిన్, నార్‌అడ్రినలిన్ దారుల్ని మూసే అట్రోపిన్, గ్వానెథిడిన్ వేసి నరాలకి ఎలక్ట్రికల్ పల్స్‌లు ఇస్తే కండరం వదులవుతోంది. ఇదంతా నైట్రిక్ ఆక్సైడ్ పనే అనుకుని దాని తయారీని ఆపే మందు ఎల్-ఎన్‌ఎన్‌ఏ 100 మైక్రోమోలార్ వేశారు, రిలాక్సేషన్ తగ్గింది గానీ సగం పైనే మిగిలిపోయింది. డోస్ ఇంకా పెంచాలా, మందు పాతబడిందా, లేక వేరే రిసెప్టర్ ఏదన్నా ఉందా అని అడిగారు. ఇదంతా మనిషికి ఎందుకు పట్టాలి అన్నది మీ రెండో ప్రశ్న.

డోస్ పెంచకండి. మీ మందు బాగానే ఉండి ఉంటుంది. మీరు మూసింది ఒక దారి, నరం చేతిలో ఉన్నవి కనీసం రెండు. ఆ రెండో దారి నైట్రిక్ ఆక్సైడ్‌కి స్పేర్ లాంటిదని చాలామంది అనుకుంటారు, కానీ అది వేరే సెల్ మీద వేరే రిసెప్టర్ ద్వారా వేరే వేగంతో నడిచే సొంత దారి. ఈ తేడా మనసులో పడితే మీ డేటా చదవడం చాలా తేలికవుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీరు పడిన ఈ అయోమయంలోనే ఈ ఫీల్డ్ మొత్తం చాలా ఏళ్లు ఉంది. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఫిజియాలజిస్టులు పేగులో ఒకచోట సాగదీస్తే పైన బిగుసుకుంటుంది, కింద వదులవుతుంది అని చూపించారు. కింద వదులయ్యేది ఎవరి వల్ల అనేది మాత్రం తేలలేదు. అసిటైల్‌కోలిన్ బిగిస్తుంది, నార్‌అడ్రినలిన్ వదులు చేస్తుంది అనుకునే రోజుల్లో, 1960ల్లో, ఆ రెండింటినీ బ్లాక్ చేసినా నరాన్ని స్టిమ్యులేట్ చేస్తే పేగు వదులవుతోందని కనబడింది, అందుకే దానికి నాన్ అడ్రినర్జిక్ నాన్ కోలినర్జిక్ అని పేరు పెట్టారు, అంటే ఇది ఏది కాదో చెప్పే పేరే తప్ప ఏదో చెప్పే పేరు కాదు. 1970లో బర్న్‌స్టాక్ టీమ్ అది ఏటీపీ అంది, 1972లో ఆయన ప్యూరినర్జిక్ నరాలు, అంటే ఏటీపీ లాంటి ప్యూరిన్ మాలిక్యూల్స్‌తో పనిచేసే నరాలు అనే మాట తెచ్చారు, ఎనర్జీకి వాడే మాలిక్యూల్ ట్రాన్స్‌మిటర్ ఎలా అవుతుందని ఏళ్ల తరబడి ఆయన్ని ఎవరూ పెద్దగా నమ్మలేదు. తర్వాత 1990లో నైట్రిక్ ఆక్సైడే పేగులో ఆ పని చేస్తోందని చూపించారు, ఇక అందరూ అటు తిరిగారు. చివరికి తేలిందేంటంటే ఇద్దరూ కరెక్టే. ఒకే నరం కొస నుంచి రెండూ వస్తాయి.

ఇప్పుడు మీ ట్రేస్, అంటే కండరం బిగువుని గీతగా చూపే రికార్డింగ్ దగ్గరికి వద్దాం. స్క్రీన్ మీద జూమ్ చేసి ఒక్క రిలాక్సేషన్‌ని చూడండి. ఎల్-ఎన్‌ఎన్‌ఏ ముందు ట్రేస్‌లో స్టిమ్యులేషన్ మొదలవగానే గీత ఒక్కసారిగా కిందికి దిగి ఉంటుంది, తర్వాత కొద్దిగా పైకి జరిగినా స్టిమ్యులేషన్ ఉన్నంతసేపూ కిందే ఉండి, ఆపాక మెల్లగా లేచి కొన్నిసార్లు బేస్‌లైన్ దాటి పైకి గెంతుతుంది. ఎల్-ఎన్‌ఎన్‌ఏ తర్వాత ట్రేస్‌లో ఆ మొదటి నిటారు దిగుడు అలాగే ఉండి, వెనకాల ఉండాల్సిన పళ్లెం లాంటి భాగం పోయి ఉంటుంది, అంటే గీత దిగిన వెంటనే పైకి వచ్చేస్తుంది. మీరు మాక్సిమమ్ డెప్త్ ఒక్కటే కొలిచి ఉంటే సగం పైనే మిగిలింది అనిపిస్తుంది, ఏరియా అండర్ ది కర్వ్ కొలిస్తే ఎంత పోయిందో కనిపిస్తుంది. దయచేసి రెండూ కొలవండి.

ఆ నిటారు దిగుడు ప్యూరిన్‌ది, పళ్లెం నైట్రిక్ ఆక్సైడ్‌ది. మైక్రోఎలక్ట్రోడ్‌తో సెల్ లోపల వోల్టేజ్ చూసేవాళ్లకి ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఒక్క పల్స్ ఇస్తే చాలు ముందు ఒక ఫాస్ట్ ఇన్హిబిటరీ జంక్షన్ పొటెన్షియల్ (నరం వల్ల కండరం సెల్ వోల్టేజ్ కాసేపు ఇంకా నెగటివ్‌గా దిగడం) వస్తుంది, వరసగా పల్స్‌లు ఇస్తే దాని వెనకాల స్లో ఒకటి సాగుతుంది. ఫాస్ట్ దాన్ని తేనెటీగ విషంలో ఉండే అపమిన్ ఆపుతుంది, స్లో దాన్ని ఎల్-ఎన్‌ఎన్‌ఏ ఆపుతుంది.

ఫాస్ట్ భాగాన్ని నడిపే రిసెప్టర్ పీ2వై1. ఇది జీ ప్రొటీన్‌కి కట్టి ఉండే రిసెప్టర్, జీక్యూ రకం. ప్యూరిన్ వచ్చి తగిలితే ఫాస్ఫోలైపేజ్ సీ అనే ఎంజైమ్, దాని నుంచి ఐపీ3 అనే మెసెంజర్, దాని నుంచి లోపలి స్టోర్లలోంచి కాల్షియం బయటికి. ఇక్కడ స్టూడెంట్స్ అందరూ ఆగి అడుగుతారు, కాల్షియం పెరిగితే కండరం బిగుసుకోవాలి కదా, వదులెలా అవుతుంది అని. చాలా మంచి ప్రశ్న అది, నేను కూడా ఏడాది పాటు దాన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు. జవాబు ఏంటంటే ఆ కాల్షియం పెరిగేది ముఖ్యంగా కండరం సెల్‌లో కాదు, దాని పక్కన ఉండే ఇంకో సెల్‌లో. పీడీజీఎఫ్ రిసెప్టర్ ఆల్ఫా ఉన్న సెల్స్ అంటారు వాటిని, చూడ్డానికి ఫైబ్రోబ్లాస్ట్‌లా సన్నగా ఉంటాయి, నరం కొసలకి ఆనుకుని ఉంటాయి. వాటిలో పీ2వై1 బాగా ఉంటుంది, ఎస్‌కే3 అనే పొటాషియం చానెల్ కూడా దండిగా ఉంటుంది. కాల్షియం పెరగగానే ఎస్‌కే3 తెరుచుకుంటుంది, పొటాషియం బయటికి పోతుంది, సెల్ లోపల నెగటివ్ ఇంకా పెరుగుతుంది. ఆ హైపర్‌పోలరైజేషన్ సెల్స్‌ని కలిపే సన్న దారులైన గ్యాప్ జంక్షన్ల గుండా పక్కన ఉన్న కండరం సెల్‌కి పాకుతుంది, కండరంలో ఎల్-టైప్ కాల్షియం చానెల్స్ తెరుచుకునే అవకాశం పడిపోతుంది, దాంతో కండరం వదులవుతుంది. అపమిన్ మూసేది ఆ ఎస్‌కే చానెల్‌నే.

ఇది ఊహ కాదు. ఈ రెండు రకాల సెల్స్‌ని ఎలుకల నుంచి విడదీసి ఒక్కోదానికీ విడిగా ప్యూరిన్ తగిలిస్తే పీడీజీఎఫ్ఆర్ ఆల్ఫా సెల్ గట్టిగా హైపర్‌పోలరైజ్ అవుతుంది, ఒంటరి కండరం సెల్ అలా అవ్వదు. పీ2వై1 జీన్ తీసేసిన ఎలుకల్లో అయితే పెద్దపేగులో ఫాస్ట్ జంక్షన్ పొటెన్షియల్ కనపడదు, స్లోది మిగులుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. రిసెప్టర్ పేరు చెప్తే సగం జవాబే, అది ఏ సెల్ మీద కూర్చుందో చెప్తేనే పూర్తి జవాబు. అదే ఏటీపీ పీ2ఎక్స్ అనే ఇంకో రకం రిసెప్టర్ మీద పడితే పాజిటివ్ అయాన్లు లోపలికొచ్చి బిగుసుకోవడం వైపు తోస్తుంది.

నరం వదిలే ప్యూరిన్ అచ్చంగా ఏటీపీయేనా, బీటా నికోటినమైడ్ అడినైన్ డైన్యూక్లియోటైడ్ లాంటి ఇంకోటా అనే చర్చ ఇప్పటికీ నడుస్తోంది, ఈ రెండో మాలిక్యూల్‌కి గట్టి మద్దతుదారులు ఉన్నారు. మీ పనికి ఆ గొడవ అవసరం లేదు, వచ్చింది ఏదైనా తలుపు పీ2వై1 కాబట్టి.

ఇక నైట్రిక్ ఆక్సైడ్. ఇది వెసికిల్‌లో దాచిపెట్టి ఉండేది కాదు, అవసరమైనప్పుడు అప్పటికప్పుడు తయారవుతుంది. నరం కొసలో కాల్షియం పెరగ్గానే న్యూరోనల్ నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ ఎల్-ఆర్జినైన్‌ని సిట్రులిన్‌గా మారుస్తూ గ్యాస్‌ని వదులుతుంది, అది మెంబ్రేన్లు దాటుకుంటూ పోతుంది. దీని రిసెప్టర్ సెల్ పైన ఉండదు, లోపల ఉంటుంది, అదే సాల్యుబుల్ గ్వానైలేట్ సైక్లేజ్. దాని హీమ్‌లోని ఇనుముకి నైట్రిక్ ఆక్సైడ్ అంటుకుంటే సైక్లిక్ జీఎంపీ తయారవుతుంది, అది ప్రొటీన్ కైనేజ్ జీని లేపుతుంది, ఆ కైనేజ్ ఒకపక్క లోపలి స్టోర్లనుంచి కాల్షియం రాకుండా తగ్గిస్తుంది, ఇంకోపక్క మయోసిన్ లైట్ చెయిన్ ఫాస్ఫటేజ్‌ని పని చేయించి ఉన్న కాల్షియంకి కూడా కండరం తక్కువ స్పందించేలా చేస్తుంది. ఈ గొలుసుకి టైమ్ పడుతుంది, మొదలైతే నిలబడుతుంది. పళ్లెం ఆకారం అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ కూడా ఏ సెల్ అన్నదే ముఖ్యం. పేగు కదలికలకి లయ ఇచ్చే ఇంటర్‌స్టిషియల్ సెల్స్ ఆఫ్ కహాల్, ఐసీసీ అంటాం, వాటిలోనూ ఈ సైక్లేజ్ ఉంటుంది, కండరంలోనూ ఉంటుంది. ఐసీసీలో క్లోరైడ్ చానెల్ ఏఎన్‌ఓ1 వల్ల వచ్చే డీపోలరైజింగ్ కరెంటుని సైక్లిక్ జీఎంపీ దారి తగ్గిస్తుంది. ఎలుకల్లో సైక్లేజ్‌ని కండరం నుంచి మాత్రమే తీసేస్తే నరం ఇచ్చే రిలాక్సేషన్ పెద్దగా పోలేదు, కండరం ఐసీసీ రెండిట్లోంచి తీసేస్తే పోయింది. అందుకే ఈ మూడింటినీ, అంటే కండరం, ఐసీసీ, పీడీజీఎఫ్ఆర్ ఆల్ఫా సెల్స్‌ని కలిపి ఒకే యూనిట్‌గా చూడమంటారు, ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో దానికి ఎస్ఐపీ సిన్సీషియం అని పేరు. నరం మాట్లాడేది ఈ మూడింటి కూటమితో, ఒక్క కండరంతో కాదు.

విప్ అనే పెప్టైడ్ కూడా ఉంది, వీప్యాక్ రిసెప్టర్ల మీద పనిచేసి సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువసేపు స్టిమ్యులేట్ చేస్తే దాని వాటా తెలుస్తుంది. పెద్దపేగులో మీ ప్రోటోకాల్‌లో దాని మీద ముందే బుర్ర పెట్టకండి, మిగతా రెండూ మూసాక ఇంకా ఏమన్నా మిగిలితే అప్పుడు చూద్దాం.

ఇప్పుడు చాలామంది వదిలేసే ముక్క. రిసెప్టర్ అనగానే కండరం వైపే చూస్తాం, నరం వైపు ఉన్న రిసెప్టర్లు ఎంత వదలాలో నిర్ణయిస్తాయి. కండరం పొరల మధ్య ఉండే మయెంటెరిక్ గ్యాంగ్లియాలో (న్యూరాన్ల గుంపుల్లో) అసిటైల్‌కోలిన్‌కి నికోటినిక్ రిసెప్టర్లు, ఏటీపీకి పీ2ఎక్స్, సెరటోనిన్‌కి 5-హెచ్‌టీ3 ఫాస్ట్‌గా సిగ్నల్‌ని ముందుకి పంపుతాయి, 5-హెచ్‌టీ4 రిలీజ్‌ని పెంచుతుంది. ఓపియాయిడ్ మ్యూ రిసెప్టర్ దానికి ఎదురు, నరం కొసల్లో రిలీజ్‌ని అణిచేస్తుంది, బిగించే అసిటైల్‌కోలిన్‌ని మాత్రమే కాదు, వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని కూడా. మార్ఫిన్ వాడే పేషెంట్లకి మలబద్ధకం ఎందుకొస్తుందో ఆలోచించండి, పేగు పడుకుండిపోవడం ఒక్కటే కాదు కారణం, వదులు కావాల్సిన చోట వదులు కాకుండా టోన్ పెరిగి, ముందుకి తోయని కదలికలు మిగులుతాయి. మిథైల్‌నాల్ట్రెక్సోన్ లాంటి మందులు మెదడులోకి పెద్దగా పోకుండా బయటి మ్యూ రిసెప్టర్లని మూస్తాయి కాబట్టి నొప్పి తగ్గడం ఆగదు, పేగు కొంత తేరుకుంటుంది.

దీనికి మీ సెటప్‌తో సంబంధం ఏంటంటే, మీరు ఎలక్ట్రికల్ ఫీల్డ్ స్టిమ్యులేషన్ ఇచ్చినప్పుడు గ్యాంగ్లియాని దాటేసి నేరుగా మోటార్ న్యూరాన్ యాక్సాన్లనే లేపుతున్నారు. అందుకే నికోటినిక్ బ్లాకర్ హెక్సామెథోనియం వేస్తే ఏమీ మారదు, అది చూసి నికోటినిక్ రిసెప్టర్‌కి పాత్ర లేదు అని థీసిస్‌లో రాయకండి ప్లీజ్. ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే నికోటినిక్ అగోనిస్ట్‌తో న్యూరాన్ బాడీని లేపి అప్పుడు హెక్సామెథోనియం వేయాలి.

సరే, రేపు బెంచ్ దగ్గర ఏం చేయాలి. ముందు నరం సిగ్నల్‌ని ఆపేసే టెట్రోడోటాక్సిన్ 1 మైక్రోమోలార్ వేసిన ఒక స్ట్రిప్‌లో స్టిమ్యులేషన్ రిలాక్సేషన్ మొత్తం పోతోందని చూపించండి, పోకపోతే మీ పల్స్ వెడల్పు ఎక్కువై కండరాన్నే నేరుగా కొడుతున్నారు, 0.3 నుంచి 0.5 మిల్లీసెకన్ల దగ్గర ఉంచండి. తర్వాత వేరువేరు స్ట్రిప్‌ల మీద వేరువేరు వరసలో వేయండి, ఒకదాంట్లో ముందు ఎల్-ఎన్‌ఎన్‌ఏ తర్వాత ఎంఆర్‌ఎస్2500, ఇంకోదాంట్లో ముందు ఎంఆర్‌ఎస్2500 తర్వాత ఎల్-ఎన్‌ఎన్‌ఏ. ఎంఆర్‌ఎస్2500 పీ2వై1కి సెలెక్టివ్ బ్లాకర్, 1 మైక్రోమోలార్ సరిపోతుంది. రెండు వరసల్లోనూ చివరికి రిలాక్సేషన్ దాదాపు సున్నాకి వస్తే మీ కథ పూర్తయినట్టే. అపమిన్ కూడా వేసి చూడండి, ఎంఆర్‌ఎస్ చేసిన పనే చేయాలి. ఎల్-ఎన్‌ఎన్‌ఏకి కనీసం 20, 30 నిమిషాలు టైమ్ ఇవ్వండి, అది ఎల్-ఆర్జినైన్‌తో పోటీ పడి ఎంజైమ్‌ని పట్టుకోవాలి, నీళ్లలో సరిగ్గా కరగదు కాబట్టి అడుగున తెల్ల పొడి మిగల్లేదని చూసుకోండి. ఎంజైమ్ మూసుకుందని నిరూపించాలంటే ఎల్-ఆర్జినైన్ ఎక్కువ వేస్తే పళ్లెం తిరిగి రావాలి, డీ-ఆర్జినైన్‌తో రాకూడదు.

సోడియం నైట్రోప్రుసైడ్ కంట్రోల్ మర్చిపోవద్దు. అది తనే నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుంది కాబట్టి ఎల్-ఎన్‌ఎన్‌ఏ ఉన్నా కండరం వదులవుతుంది, ఓడీక్యూ 10 మైక్రోమోలార్ వేస్తే ఆగుతుంది, ఎందుకంటే ఓడీక్యూ మూసేది రిసెప్టర్‌ని, ఎల్-ఎన్‌ఎన్‌ఏ మూసేది తయారీని. ఈ రెండూ పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో ఎగ్జామినర్ మిమ్మల్ని అడిగేలోపే మీ దగ్గర సమాధానం ఉంటుంది. ఓడీక్యూని డీఎంఎస్ఓలో కరిగిస్తారు కదా, డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన స్ట్రిప్ కూడా తప్పకుండా ఉండాలి.

ఇంకో ఉచ్చు, మీరు ఖచ్చితంగా దీంట్లో పడతారు కాబట్టి చెప్తున్నా. ఎలుక పెద్దపేగులో నైట్రిక్ ఆక్సైడ్ ఎవరూ స్టిమ్యులేట్ చేయకపోయినా కొద్దికొద్దిగా వస్తూనే ఉండి టోన్‌ని కిందకి పట్టి ఉంచుతుంది, అందుకే ఎల్-ఎన్‌ఎన్‌ఏ వేయగానే బేస్‌లైన్ పైకి లేస్తుంది, స్పాంటేనియస్ కాంట్రాక్షన్లు పెద్దవవుతాయి. బేస్‌లైన్ పైకి లేచాక అదే స్టిమ్యులేషన్‌కి గీత దిగే దూరం సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది. గ్రాముల్లో లెక్కేసి ముందూ వెనకా పోలిస్తే ఎల్-ఎన్‌ఎన్‌ఏ అసలు పనిచేయలేదన్నట్టు వస్తుంది. ప్రతి స్ట్రిప్‌లో చివర్న పపావరిన్ లాంటిదేదో వేసి పూర్తిగా వదులు చేసి, ఆ మాక్సిమమ్‌లో ఎంత శాతమో లెక్క కట్టండి. మీ సగం పైనే మిగిలింది అనే అంకె సగం ఇక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా, మీకు టైమ్ కలిసొస్తుంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో సెలెక్టివ్ బ్లాకర్లు చేతిలో లేక సురామిన్, పీపీఏడీఎస్ అనే అంత సెలెక్టివ్ కాని ప్యూరిన్ బ్లాకర్లు వాడాను, అవి సగం సగం పనిచేశాయి, దాంతో ప్యూరిన్ పాత్ర తక్కువ అని రాసేశాను. పైగా ఏటీపీని నేరుగా బాత్‌లో పోసి నరం రిలాక్సేషన్‌తో పోల్చాను. ఏటీపీ టిష్యూ మీద ఉండే ఎంజైమ్‌ల వల్ల కొద్దిసేపట్లోనే అడినోసిన్ దాకా విరిగిపోతుంది, అడినోసిన్‌కి తన రిసెప్టర్లు వేరే ఉన్నాయి, అవి కూడా వదులు చేయగలవు. ఏటీపీ స్టాక్ సొల్యూషన్ ఎసిడిక్ అని కూడా అప్పుడు నాకు పట్టలేదు, పీహెచ్ సరిచేయలేదు. ఆరు నెలల రికార్డింగ్స్ పక్కన పడేసి మళ్లీ చేశాను. మీరు అగోనిస్ట్ వాడాలనుకుంటే అంత తొందరగా విరగని ఏడీపీ బీటా ఎస్ కానీ, పీ2వై1కి సెలెక్టివ్ అయిన ఎంఆర్‌ఎస్2365 కానీ తీసుకోండి. ఒక అగోనిస్ట్ నరాన్ని అనుకరించింది అన్నంత మాత్రాన ట్రాన్స్‌మిటర్ అదే అని కాదు, ఈ మాట నాకు అప్పట్లో ఎవరన్నా చెప్పుంటే బాగుండేది.

గ్వానెథిడిన్ గురించి చిన్న మాట. అది మొదట్లో నిల్వ ఉన్న నార్‌అడ్రినలిన్‌ని కాస్త బయటికి నెట్టి తర్వాత రిలీజ్ ఆపుతుంది, కాబట్టి వేసిన వెంటనే రికార్డ్ చేయకండి.

ఇదంతా మనిషికి ఎందుకు పట్టాలి అని మీ రెండో ప్రశ్న. అన్నవాహిక కింది స్ఫింక్టర్‌ని చూడండి, మామూలుగా బిగిసి ఉంటుంది, మింగినప్పుడు నరం చెప్తే కొన్ని సెకన్లు వదులవుతుంది. అకలేషియాలో ఈ వదులు చేసే న్యూరాన్లే చచ్చిపోతాయి, బిగించే అసిటైల్‌కోలిన్ మాత్రం మిగులుతుంది, స్ఫింక్టర్ తెరుచుకోదు, తిన్నది పైనే నిలిచిపోతుంది. బోటులినం ఇంజెక్షన్ ఇచ్చేది ఆ మిగిలిన అసిటైల్‌కోలిన్ రిలీజ్‌ని ఆపడానికే. యానల్ ఫిషర్‌కి (మలద్వారం దగ్గర చీలికకి) నైట్రోగ్లిసరిన్ ఆయింట్‌మెంట్ రాస్తారు కదా, అక్కడ నరం ఇవ్వాల్సిన నైట్రిక్ ఆక్సైడ్‌ని బయటినుంచి ఇస్తున్నారన్నమాట, లోపలి స్ఫింక్టర్ వదులై రక్తం సరిగ్గా అందుతుంది, అదే మందు తలలో రక్తనాళాల్ని కూడా వదులు చేస్తుంది కాబట్టి తలనొప్పి వస్తుంది. న్యూరోనల్ సింథేజ్ జీన్ తీసేసిన ఎలుకల్ని 1993లో రిపోర్ట్ చేశారు, వాటిలో కొట్టొచ్చినట్టు కనపడింది ఉబ్బిపోయిన పొట్ట, మందంగా బిగిసిన పైలోరస్ (పొట్ట నుంచి పేగులోకి వెళ్లే ద్వారం). హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో పేగు చివర్లో గ్యాంగ్లియా అసలే ఉండవు, ఆ ముక్క వదులు కాలేక బిగిసి ఉంటుంది, దాని పైభాగం ఉబ్బుతుంది.

స్ఫింక్టర్లలో, పొట్ట పైభాగంలో ఎక్కువసేపు వదులుగా ఉండాలి కాబట్టి నైట్రిక్ ఆక్సైడ్ వాటా పెద్దది, పెద్దపేగులో అలా కాదు, ఫాస్ట్ ప్యూరిన్ దిగుడు స్పష్టంగా ఉంటుంది. అందుకే ఫండస్, అంటే ఆ పొట్ట పైభాగం మీద రాసిన పేపర్లో ఎల్-ఎన్‌ఎన్‌ఏతో రిలాక్సేషన్ దాదాపు పోయిందని చదివి మీ కోలన్‌లో కూడా పోవాలని ఆశించకండి. ఏ జంతువు, ఏ భాగం, సర్క్యులరా లాంగిట్యూడినలా, ఎన్ని హెర్ట్జ్ అనేది ముందు చూసి తర్వాతే పోల్చండి. మీరు పంపిన గ్రాఫ్‌లో ఫ్రీక్వెన్సీ 5 హెర్ట్జ్ ఒక్కటే ఉంది, ఒక్క పల్స్ నుంచి మొదలుపెట్టి 1, 2, 5, 10 హెర్ట్జ్ దాకా కర్వ్ గీయండి, ఒక్క పల్స్‌కి వచ్చే చిన్న దిగుడుని ఎల్-ఎన్‌ఎన్‌ఏ అసలు ముట్టుకోకుండా ఎంఆర్‌ఎస్2500 తుడిచేస్తే, ఆ రెండు ట్రేస్‌లే మీ థీసిస్‌లో మొదటి ఫిగర్ అవుతాయి. రికార్డింగ్ అయ్యాక ఎల్-ఎన్‌ఎన్‌ఏ ముందు, తర్వాత రెండు ట్రేస్‌లూ ఒకే టైమ్ స్కేల్‌లో పెట్టి పంపండి, కలిసి చూద్దాం.